బ్రాడ్‌బ్యాండు కనెక్షను: సలహా చెప్పువారి బాధ్యత

మంసాపురమునందును, రాజపాళయమునందును, చుట్టుపట్ల గ్రామములందును తరతరములుగా స్థిరపడియున్న మన కుటుంబములలో వ్యాపారముతో సంబంధము గలవి పెక్కు. నూలు మిల్లులు, మరమగ్గములు, చత్రపట్టి ప్రాంతపు బ్యాండేజి గుడ్డ, కొబ్బరి, మామిడి - వీనిలో ఏదో యొకదానిని నమ్ముకొని జీవించువారు మనలో అనేకులు గలరు. ఈ వ్యాపారములన్నియు నేడు ఒక సన్నని తీగమీద ఆధారపడి నడచుచున్నవి.

2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. అమలులోనికి వచ్చినది మొదలు పన్ను లెక్కలు అప్పగించుట అంతర్జాలము ద్వారానే జరుగుచున్నది. 2018 ఏప్రిల్ 1వ తేదీనుండి 50 వేల రూపాయలకు మించిన సరకును అన్యరాష్ట్రమునకు పంపవలయునన్నచో ఈ-వే బిల్లు ఉండవలయును. సాలుకు 5 కోట్ల రూపాయలకు మించిన వ్యాపారము గలవారు, 2023 ఆగస్టు 1వ తేదీ మొదలు, ఇతర వ్యాపారస్థుల పేర వ్రాయు బిల్లులను ప్రభుత్వపు పోర్టలునందు నమోదు చేయించి సంఖ్య పొందవలసియున్నది. సరకు లారీకెక్కినను, డ్రైవరు సిద్ధముగానున్నను, బిల్లు చేతికి రానిచో లారీ గుమ్మము దాటదు. అప్పుడు పోవునది లారీ బాడుగ మాత్రమే కాదు. కొనుగోలుదారునకు ఇచ్చిన మాట కూడ పోవును.

కావున ఏ కనెక్షను పెట్టించవలయునను ప్రశ్న చిన్నది కాదు. మన యువకులలో కొందరు ఆడిటర్ల కార్యాలయములందును, కంప్యూటరు దుకాణములందును పనిచేయుచు వ్యాపారస్థులకు ఈ విషయమున సలహా చెప్పుచున్నారు. "ఏమి నాయనా, ఏ కనెక్షను పెట్టించమందువు?" అని పెద్దలడుగుదురు. "నూరుకంటె రెండువందలది మేలు మామా" అని జవాబు వచ్చును. ఇట్టి జవాబునకు ధరల పట్టిక చాలును, సలహాదారు అక్కరలేదు. సలహా చెప్పువాడు మొదట వ్యాపారస్థుని పనిని తెలిసికొని, పిదపనే తీగను గూర్చి మాటలాడవలయునని మా యభిప్రాయము.

వేగపు సంఖ్య యెంత చంచలమైనదో చరిత్రయే చెప్పుచున్నది. మన దేశమున ప్రజలకు అంతర్జాలము 1995 ఆగస్టు 15వ తేదీన అందుబాటులోనికి వచ్చినది. 2004లో ప్రభుత్వము బ్రాడ్‌బ్యాండు విధానమును ప్రకటించినప్పుడు సెకనుకు 256 కిలోబిట్లు వచ్చినచో దానికి బ్రాడ్‌బ్యాండని పేరు. 2013లో అది 512 కిలోబిట్లైనది. 2023లో 2 మెగాబిట్లైనది. అనగా బ్రాడ్‌బ్యాండను పేరు విని మురియుట వ్యర్థము. ఆ పేరు పొందుటకు 2 మెగాబిట్లు చాలును.

ఇంకొక చిక్కు కలదు. కంపెనీలవారు వేగమును బిట్లలో చెప్పుదురు. మన కంప్యూటరు దస్త్రముల పరిమాణమును బైట్లలో చూపును. 8 బిట్లు ఒక బైటు. కావున 100 మెగాబిట్ల కనెక్షను సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి తేజాలదు. 1000 మెగాబైట్ల దస్త్రము దింపుకొనుటకు ఎంత తక్కువైనను 80 సెకనులు పట్టును. అదే దస్త్రమును పైకి పంపవలసివచ్చి, పంపు వేగము 10 మెగాబిట్లే అయినచో 800 సెకనులు, అనగా 13 నిమిషములకు పైగా పట్టును. వస్త్రముల నమూనా చిత్రములను దూరదేశపు కొనుగోలుదారులకు పంపువారికిని, లెక్కల ప్రతిని ప్రతి రాత్రియు దూరముననున్న సర్వరునకు పంపి భద్రపరచువారికిని దింపుకొను వేగముకంటె పంపు వేగమే ముఖ్యము. ప్రకటనలలో పెద్ద అక్షరములతో నుండునది దింపుకొను వేగము. పంపు వేగమును అడిగి తెలిసికొనవలయును.

ఆ చెప్పిన వేగమైనను ఎల్లవేళల వచ్చునా? చెరువు క్రింద వ్యవసాయము ఎరిగినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. తూమునుండి వెడలిన కాలువ నిండుగానే యుండవచ్చును. కాని మడవలన్నియు ఒక్కమారు తెరచినచో ప్రతి పొలమునకును నీరు సన్నగిలును. ఇండ్లకును, దుకాణములకును ఫైబరు వేయుటలో హెచ్చుగా వాడుకలోనున్న జీపాన్ పద్ధతియందు ఒక్క ఫైబరులో క్రిందికి సుమారు 2.5 గిగాబిట్లు, పైకి సుమారు 1.25 గిగాబిట్లు పారును. దానిని 32 గాని 64 గాని కనెక్షనులకు పంచుదురు. 64 మందియు ఒకే క్షణమున పూర్తిగా వాడినచో ఒక్కొక్కరికి దక్కునది సుమారు 39 మెగాబిట్లు. అందరును ఒకేసారి వాడరు గనుక ఈ యేర్పాటు సాధారణముగా బాగుగనే నడచును. దుకాణమునకు ఇది చాలును. లీజుడ్ లైను తీసికొన్నవారికి మాత్రము కాలువలో పాలుండదు; చెప్పిన వేగము రెండు దిక్కులను వారికే. దాని అద్దెయు అందుకు తగినట్లు చాల హెచ్చుగానుండును.

ఇక సలహాదారు అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. ఒకేసారి ఎందరు, ఏ పనికి వాడుదురు? దింపుకొనుట హెచ్చా, పంపుట హెచ్చా? తీగ తెగినచో ఎన్ని గంటలు ఓర్చుకొనగలరు? తెగినప్పుడు బాగుచేయువాడు ఏ ఊరినుండి రావలయును?

ఈ ప్రశ్నలకు వచ్చు సమాధానములనుబట్టి సలహా మారును. బిల్లులు వ్రాసి, యు.పి.ఐ. ద్వారా సొమ్ము పుచ్చుకొను చిల్లర దుకాణమునకు అన్నిటికంటె తక్కువ ధరగల ఫైబరు కనెక్షనే మిక్కిలి. ఆ దుకాణదారునిచేత 300 మెగాబిట్లకు సొమ్ము కట్టించుట అన్యాయము. పది కంప్యూటర్లు, నిఘా కెమెరాలు, విదేశపు కొనుగోలుదారులతో వీడియో సంభాషణలు గల బ్యాండేజి ఎగుమతిదారునకు పంపు వేగము గల కనెక్షను ఒకటి, వేరొక కంపెనీది మరియొకటి ఉండవలయును. పగలు రాత్రి నడచు మిల్లునకు, గంట ఆలస్యమైనను నష్టము లెక్కకు వచ్చునట్టిచోట, లీజుడ్ లైను దండుగ కాదు.

రెండవ కనెక్షను విషయమున ఒక హెచ్చరిక. 2008 జనవరి 30వ తేదీన ఈజిప్టు దేశమున అలెగ్జాండ్రియా సమీపమున సముద్రగర్భపు కేబుళ్లు రెండు తెగినప్పుడు మన దేశమునందు కూడ అంతర్జాలము మందగించెను. రెండు కేబుళ్లుండియు ఒకే త్రోవన పోవుచుండుటయే ఆ చిక్కునకు మూలము. తూర్పు సముద్రపు మార్గమున మరియొక దారి గలవారు త్వరగా తేరుకొనిరి. మన వీధిలోను ఇదియే న్యాయము. రెండు కంపెనీల తీగలు ఒకే స్తంభముమీదుగా వచ్చుచున్నచో ఆ స్తంభము కూలిననాడు రెండును పోవును. రెండవది వేరు త్రోవనైన రావలయును, లేదా సెల్‌ఫోను టవరునుండి వచ్చు కనెక్షనైన కావలయును. ఈ-వే బిల్లు వంటి అత్యవసరపు పని ఫోను మీదనైనను జరుపుకొనవచ్చును గనుక చిన్న వ్యాపారికి ఆ ఫోనే రెండవ దారి.

తీగ వచ్చు విధమును కూడ చూడవలయును. ఆంధ్రప్రదేశమున 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి శ్రీ రామనాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబర్‌నెట్ విద్యుత్ స్తంభముల మీదుగా ఫైబరును గ్రామములకు చేర్చినది. నేల త్రవ్వు ఖర్చును, కాలమును అందువలన కలిసివచ్చును. కాని స్తంభము మీది తీగకు గాలి, చెట్టుకొమ్మ, లారీపై ఎత్తుగా వేసిన సరకు శత్రువులు. నేలలోని తీగకు గొయ్యి త్రవ్వువాడు శత్రువు. ఐప్పశి, కార్తిక మాసముల వానలలో మన ప్రాంతమున ఏ కంపెనీ తీగ ఎన్నిమారులు తెగినదో ఇరుగుపొరుగు వ్యాపారులకే తెలియును. కంపెనీ ప్రతినిధి మాటకంటె ఆ యిరుగుపొరుగువారి మాట విలువైనది. ఇంకొకటి: పాత టెలిఫోనునకు ఎక్స్‌చేంజినుండియే విద్యుత్తు వచ్చుచుండెడిది, ఫైబరు విద్యుత్తును మోయదు. కరెంటు పోయినచో మన యింటిలోని మోడెము ఆరిపోవును. దానికొక చిన్న బ్యాటరీ పెట్టించవలయునని చెప్పని సలహా అసంపూర్ణము.

కాగితము మీది మాటలను చదివి వివరించుట కూడ సలహాదారుని పనియే. "నూటికి 99 పాళ్లు పనిచేయును" అని వ్రాసియున్నచో వినుటకు ఇంపుగా నుండును. మిగిలిన ఒక్క పాలు 30 దినముల నెలలో 7 గంటల 12 నిమిషములగును. 20వ తేదీన నెలసరి రిటర్ను దాఖలు చేయవలసినవానికి ఆ 7 గంటలు ఆ దినముననే వచ్చిపడినచో ఏమగును? డేటా పరిమితి యెంత, అది దాటిన పిదప వేగమెంతకు పడిపోవును, ఎన్ని నెలలవరకు మానుకొనుటకు వీలులేదు, మార్పులేని ఐ.పి. చిరునామా అవసరమైనచో దాని అద్దె యెంత - ఇవన్నియు సంతకమునకు ముందే వ్రాతమూలముగా పుచ్చుకొనవలయును. బిల్లుమీద నూటికి 18 రూపాయల జి.ఎస్.టి. పడును. రిజిస్టరైన వ్యాపారస్థుడు తన జి.ఎస్.టి. సంఖ్యను బిల్లుమీద వేయించుకొన్నచో వ్యాపారమునకు వాడినంతవరకు ఆ పన్నును జమ చేసికొనవచ్చును. కాంపొజిషను పద్ధతిలోనున్నవారికి ఈ సదుపాయము లేదు. ఫిర్యాదు చేయునప్పుడు సంఖ్యను తప్పక పుచ్చుకొనవలయును. కంపెనీ ఫిర్యాదు కేంద్రము వలన పని జరుగనిచో అదే కంపెనీయందలి అప్పీలు అధికారికి వ్రాసికొను హక్కు 2012 నాటి నిబంధనలవలన ఏర్పడియున్నది.

తుదకు అప్రియమైనను చెప్పవలసిన మాట యొకటి. కనెక్షను కట్టించినవారికి కంపెనీలు కమిషను ఇచ్చుట కలదు. సలహా చెప్పినందుకు ఎవరును రుసుము ఈయరు, కమిషను పుచ్చుకొనకున్న మేమెట్లు బ్రతుకుదుమని మన యువకులు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కమిషను పుచ్చుకొనుట దోషమని మేము చెప్పుటలేదు, దాచుట దోషము. "ఈ కంపెనీవారు నాకింత యిత్తురు, అయినను మీ పనికి ఆ రెండవ కంపెనీయే తగును" అని చెప్పగలిగినవానిని వ్యాపారస్థులు విడువరు. అట్టివానికి రుసుము ఇచ్చుటకు వ్యాపారస్థులును వెనుదీయరాదు. ఉచితముగా దొరకిన సలహాకు కనెక్షను బిల్లులో ఏళ్లతరబడి మూల్యము చెల్లించుచుండుట మనము చూచుచునే యున్నాము.

ఈ విషయమున మన సంఘము చేయదగిన పని యొకటి కలదు. సభ్యులైన వ్యాపారస్థులు తమ కనెక్షను ఏనాడు, ఏ గంటకు పోయినది, ఎప్పుడు తిరిగి వచ్చినది ఒక పుస్తకమున వ్రాసి యుంచవలయును. అక్టోబరునుండి డిసెంబరు వరకు మూడు నెలల లెక్కను ఒకచోట చేర్చినచో ఏ వీధికి ఏ తీగ నమ్మదగినదో తేలిపోవును. ఆ పుస్తకముతో పోయి పదిమంది కలిసి బేరమాడినచో కంపెనీవారును వినక తప్పదు. దాహము వేసినప్పుడు బావి త్రవ్వుట మన పెద్దల పద్ధతి కాదు. వానలు మొదలుకాకముందే ఈ పుస్తకములు తెరువవలయునని సభ్యులను కోరుచున్నాము.