కొనుగోలు పత్రంలో కొర్రకు చోటేది?

మెట్ట రైతుకు కొర్ర వేయమని మనం కొన్ని దశాబ్దాలుగా సిఫారసు చేస్తున్నాము. అదే గ్రామంలోని పాఠశాల, అంగన్‌వాడీ కేంద్రం, పక్క మండలంలోని వసతి గృహం మాత్రం కొర్రలు కొనవు. విస్తరణ అంటే పండించేవానికి చెప్పడమేనన్న భావన మనలో స్థిరపడిపోయింది. కొనేవానికి కూడా శాస్త్రీయ సలహా అవసరమనే విషయాన్ని మనం పెద్దగా పట్టించుకోలేదు. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాలకు సంబంధించినంత వరకు ఇది మన విస్తరణ కృషిలోని ప్రధాన లోపమని నా అభిప్రాయం.

పర్యావరణ హిత కొనుగోలు అనగానే స్థానిక సంస్థలకు ఎల్ఈడీ వీధి దీపాలు, 2022 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువుల నిషేధం గుర్తుకు వస్తాయి. ఇవి అవసరమైనవే. అయితే మెట్ట ప్రాంతంలో నేలను, నీటిని ఎక్కువగా ప్రభావితం చేసే ప్రభుత్వ కొనుగోలు ఆహారధాన్యాలదే. ఏ ధాన్యాన్ని ఏటా తప్పక కొంటారో, ఆ ధాన్యం వైపే పొలమూ బోరుబావీ మొగ్గు చూపుతాయి.

ఈ జిల్లాలలో సాలీనా వర్షపాతం సుమారు 650–700 మి.మీ. మాత్రమే. నీరు నిలగట్టి పండించే వరికి ఒక్క పంటకాలంలోనే వెయ్యి మిల్లీమీటర్లకు పైగా నీరు కావాలి. నీరు నిలిచిన వరి మడుల నుండి మీథేన్ వాయువు కూడా వెలువడుతుంది. 80–90 రోజులలో కోతకు వచ్చే కొర్ర వర్షాధారంగానే పండుతుంది. నల్లరేగడి నేలల్లో ఖరీఫ్ కొర్ర తరువాత రబీలో శనగ వేసుకోవచ్చు. కొర్ర, కంది 5:1 నిష్పత్తిలో అంతరపంటగా సాగుకు అనుకూలం. శతాధిక వర్షాల చరిత్ర గల నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం సూర్యనంది, ఎస్ఐఏ 3085, రేనాడు వంటి మేలైన కొర్ర రకాలను అందించింది. రకాలు, సాగు పద్ధతులు మన వద్ద ఉన్నాయి. లేనిది నమ్మకమైన కొనుగోలుదారు.

ప్రభుత్వ విధానం కొంత మేరకు ముందుకు కదిలిన మాట వాస్తవమే. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలకూ స్థానం కల్పించింది. 2023 మార్చి 21 నుండి రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలల్లో వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వడం ప్రారంభమైంది. ఇది అభినందనీయం. కానీ చిరుధాన్యం అనే ఒకే మాట కింద అన్నింటినీ కలిపి చూస్తే ఒక ప్రాంతానికి మేలు జరిగి మరొక ప్రాంతం మరుగున పడుతుంది. రాయలసీమలో రాగి ప్రధానంగా చిత్తూరు, అనంతపురం ప్రాంతాల పంట. కర్నూలు, నంద్యాల మెట్టలో అనాదిగా పండుతున్నవి జొన్న, కొర్ర. కేంద్రం ప్రకటించే కనీస మద్దతు ధరల జాబితాలో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి గాని కొర్ర లేదు. కనుక కొనుగోలు పత్రంలో ‘చిరుధాన్యాలు’ అని రాస్తే చాలదు. ‘కొర్ర’ అని పేరు పెట్టి రాయాలి.

దీనికి రెండు ఆక్షేపణలు వినిపిస్తాయి. కె.సి. కాలువ కింద పండే కర్నూలు సోనా బియ్యం కూడా స్థానికమే కదా అన్నది మొదటిది. నిజమే, కాలువ కింది వరి రైతు ప్రయోజనాన్ని ఎవరూ కాదనరు. అయితే దగ్గరలో పండినంత మాత్రాన ధాన్యం పర్యావరణ హితం కాజాలదు. అది ఏ నీటితో పండింది అన్నదే ప్రమాణం. రెండవది ధర. అంగడిలో కొర్ర బియ్యం ధర వరి బియ్యం కంటే ఎక్కువ. పైగా పాఠశాలకు బియ్యం కేంద్రం నుండి వస్తుంది కనుక స్థానిక సంస్థ లెక్కలో దాని వెల దాదాపు సున్నా. కానీ ఆ బియ్యపు సబ్సిడీ, బోరుబావుల విద్యుత్తు, అడుగంటిన భూగర్భజలం, ఇవన్నీ వేరే పద్దులలో చెల్లిస్తున్న మూల్యమే. అతి తక్కువ ధరకే టెండరు అనే నియమానికి ఆ పద్దులు కనిపించవు.

పరిమాణం ఎంతో చూద్దాం. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల విద్యార్థికి రోజుకు 100 గ్రాముల ధాన్యం ప్రమాణం. 200 మంది పిల్లలున్న పాఠశాలలో వారానికి ఒక్క రోజు చొప్పున ఏడాదికి 40 రోజులు కొర్ర అన్నం పెడితే 800 కిలోల కొర్ర బియ్యం కావాలి. పొట్టు తీస్తే నూటికి 65 పాళ్లు బియ్యం వస్తుందనుకుంటే దాదాపు 12 క్వింటాళ్ల కొర్రలు అవసరం. ఎకరాకు 6 క్వింటాళ్ల దిగుబడి వచ్చినా అది రెండెకరాల పంట; దానికి కావలసిన విత్తనం నాలుగు కిలోలు. అటువంటి పాఠశాలలు ఒక మండలంలో యాభై ఉంటే నూరు ఎకరాల కొర్రకు స్థిరమైన కొనుగోలు ఏర్పడుతుంది. ఇది మోయలేని భారం కాదు.

ఇతరుల అనుభవం మనకు తోడ్పడుతుంది. జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల మధ్యకాలం నుండి బీళ్లను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలను ఆ గ్రామాలలోనే నిల్వచేసి, పేద కుటుంబాలకు తక్కువ ధరకు అందించాయి. బ్రెజిల్ 2009లో చేసిన చట్టం పాఠశాల భోజనానికి కేంద్రం ఇచ్చే నిధులలో కనీసం 30 శాతం కుటుంబ వ్యవసాయదారుల ఉత్పత్తులపైనే వెచ్చించాలని నిర్దేశించింది. రెండు చోట్లా రైతుకు విత్తే ముందే కొనుగోలు భరోసా లభించింది.

మన జిల్లాలకు నా సూచనలు నాలుగు. మొదటిది, కొనుగోలు ఒప్పందం ఖరీఫ్ విత్తనానికి ముందే కుదరాలి. కోత తరువాత పిలిచే టెండరు వ్యాపారికి ఉపకరిస్తుంది గాని రైతుకు కాదు. రెండవది, కొర్రలను పొట్టుతోనే కొని గ్రామంలో నిల్వచేసి, ఏ నెలకు కావలసినవి ఆ నెలలోనే మర పట్టించాలి. పొట్టుతో ఉన్న కొర్రలు ఏళ్ల తరబడి నిలువ ఉంటాయి. తవుడుతో కూడిన కొర్ర బియ్యం మాత్రం త్వరగా కమటు వాసన పడుతుంది. మూడవది, రైతుకు చెల్లింపు గడువును ఒప్పందంలోనే రాయాలి. ఆలస్యంగా వచ్చే మంచి ధర కంటే వెంటనే చేతికందే మామూలు ధరే చిన్న రైతును పంటలో నిలబెడుతుంది. నాలుగవది, అదనపు వ్యయానికి 2015 నుండి ఉన్న జిల్లా ఖనిజ నిధిని పరిశీలించాలి. సున్నపురాయి గనులున్న మన జిల్లాలకు ఆ నిధి ఉంది. స్త్రీ శిశు సంక్షేమం దాని ప్రాధాన్యాలలో ఒకటి.

తేమ శాతం, మట్టిగడ్డలు, రాళ్లు, పొట్టు తీయని గింజలు ఎంత వరకు అనుమతించాలి అనే నాణ్యతా నిర్దేశాలను ఎవరు రాస్తారు? మనం రాయకపోతే పంట తెలియనివారు రాస్తారు. గ్రామంలోని మరకు అసాధ్యమైన ప్రమాణం పెట్టి దూరపు మిల్లుకు దారి చూపుతారు. కనుక కొనుగోలు నిర్దేశం కూడా వ్యవసాయ శాస్త్రానికి చెందిన పత్రమే. విస్తరణ శాస్త్రవేత్తలు మండల, జిల్లా పరిషత్ సమావేశాలకు ముసాయిదాతో వెళ్లాలి. స్నాతకోత్తర విద్యార్థులు తమ పరిశోధనకు ఒక మండలంలోని ప్రభుత్వ ధాన్య కొనుగోళ్లను అంశంగా తీసుకోవాలి. రైతు మన మాట విని వేసిన కొర్రకు కొనేవారు లేకపోతే, మరుసటి ఏడు అతడు కొర్ర వేయడు. మన మాటా వినడు.