సంపాదకుని మాట: సున్నాకూ ఒకటికీ నడుమ

సాధారణ కంప్యూటర్‌లో సమాచారానికి అతిచిన్న ప్రమాణమైన బిట్ ఏ క్షణంలోనైనా సున్నాగానో ఒకటిగానో మాత్రమే ఉంటుంది. క్వాంటం కంప్యూటర్‌లోని క్యూబిట్ మాత్రం, కొలిచేంతవరకు, ఆ రెండు స్థితుల మేళవింపుగా ఉండగలదు, ఈ గుణాన్నే అధ్యారోపణ అంటారు. 300 క్యూబిట్ల ఉమ్మడి స్థితిని పూర్తిగా వర్ణించాలంటే, కనిపించే విశ్వంలోని పరమాణువుల కన్నా ఎక్కువ సంఖ్యలు కావాలి. అయినా కొలిచినప్పుడు దక్కేది ఒక్క జవాబే. అందువల్ల చెరువులో రెండు అలలు కలిసినచోట శిఖరం మీద శిఖరం పడితే నీరు ఎత్తుగా లేచి, శిఖరం గుంతలో పడితే చదునైనట్లు, తప్పు జవాబులు ఒకదానినొకటి రద్దు చేసుకొని సరైనది బలపడేలా లెక్కను నడపాలి. వ్యతికరణం అనే ఈ నేర్పే క్వాంటం గణనకు ప్రాణం.

ప్రకృతిని అనుకరించే యంత్రం కూడా క్వాంటం నియమాలతోనే నడవాలని 1981లో రిచర్డ్ ఫైన్‌మన్ సూచించగా, పెద్ద సంఖ్యలను వేగంగా కారణాంకాలుగా విడదీసే క్వాంటం పద్ధతిని 1994లో పీటర్ షోర్ చూపి, ఆ విభజన కష్టమన్న నమ్మకంపై నిలిచిన సంకేత రక్షణకు సవాలు విసిరారు. అయితే కొద్దిపాటి వేడి సోకినా క్యూబిట్ స్థితి చెదిరిపోతుంది కనుక, అతివాహక క్యూబిట్లను పరమ శూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో దాదాపు వందో వంతు పైన మాత్రమే ఉంచవలసి వస్తోంది.

2023లో భారత ప్రభుత్వం రూ. 6,003.65 కోట్లతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. ఈ విద్యలోని ఆశలనూ అవధులనూ తెలుగు పాఠకులు తమ భాషలోనే తూచుకోగలగాలన్నది ఈ సంచిక సంకల్పం.

— సంపాదకుడు