నైపుణ్యం లేదన్న సాకు

రాజధానిలో సాఫ్ట్‌వేర్ సదస్సంటే పంచనక్షత్ర హోటలు, మంత్రివర్యుల ప్రారంభోపన్యాసం. 2023 జనవరిలో తమిళనాడులోని విల్లుపురంలో జరిగిన మినీ డెబ్‌కాన్ఫ్ ఆ కోవకు చెందినది కాదు. 1993లో పుట్టి, నేటికీ స్వచ్ఛంద కార్యకర్తలే తీర్చిదిద్దుతున్న డెబియన్ అభిమానులు తామే పూనుకొని జరుపుకొన్న ఉచిత సభ అది. ఎవరైనా చదివి, సవరించి, పంచుకోదగిన సాఫ్ట్‌వేర్ వారిది.

ప్రభుత్వ కార్యాలయాలలో ఇటువంటి ఓపెన్ సోర్స్‌కే ప్రాధాన్యమని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. అందులోనే ఒక కిటికీ కూడా తెరిచి ఉంచింది: నైపుణ్యం కొరవడితే, తగిన కారణం చూపి మినహాయింపు పొందవచ్చును! ఢిల్లీ ఫైళ్లకు కారణాలు ఎన్నడు కరవైనవి గనుక? కొరవడిందంటున్న ఆ నైపుణ్యాన్నే విల్లుపురం వంటి ఊళ్లలో రుసుము లేకుండా పంచిపెడుతున్నారు. ఇటువంటి సభలకు శాఖకు నలుగురు అధికారులను పంపితే ఖజానాకయ్యేది ప్రయాణపు ఖర్చులే.