చక్రయానం ప్రదక్షిణమవుతుందా?

అరుణాచల యాత్రకు వెళ్ళే సాధకులలో కొందరు గిరిమార్గాన్ని సైకిల్‌పై చుట్టి వస్తారు. కొందరు తమ పాత సైకిల్‌నే రైలులో వెంట తెచ్చుకొంటారు. ఇది గిరిప్రదక్షిణం అవుతుందా అన్న ప్రశ్న సత్సంగాలలో తరచుగా వినిపిస్తుంది. నా అభిప్రాయంలో అది గిరిదర్శనం, ప్రదక్షిణం కాదు. అయినా ఆ దర్శనాన్ని తృణీకరించరాదు.

పాత సైకిల్‌లో ఆడంబరం లేదు. పొగ లేదు, ఘోష లేదు. స్వశ్రమతోనే అది ముందుకు సాగుతుంది. సుమారు 14 కిలోమీటర్ల ఆ మార్గంలో, ఇంద్రలింగం మొదలు ఈశాన్యలింగం వరకు, గిరిరూపం క్షణక్షణం మారుతుంది. ఒకచోట ఏకశిఖరంగా కనిపించే అరుణాద్రి ఉత్తరభాగంలో పంచముఖంగా సాక్షాత్కరిస్తుంది. ప్రకృతిలో పరమేశ్వరుని చూడదలచినవానికి ఇది సామాన్య లాభం కాదు.

మరి లోపమెక్కడ? కఠోపనిషత్తు శరీరాన్ని రథంగా, బుద్ధిని సారథిగా, మనస్సును పగ్గంగా, ఇంద్రియాలను అశ్వాలుగా నిరూపించింది. ఆత్మ రథి. సైకిల్‌పై మాత్రం అశ్వమూ మనమే, సారథీ మనమే. చెంగం రోడ్డుపై బస్సుల నడుమ సాగేటప్పుడు దృష్టి మార్గానికి అంకితం కావలసిందే. గిరిపై నిలిపితే ప్రమాదం. ప్రదక్షిణలో దృష్టి ఎవరిదో ఆ స్వామికే అది దక్కడం లేదు. దోషం చక్రానిది కాదు, చెదరిన ఏకాగ్రతది.

1896లో అరుణాచలం చేరి, 1950లో మహానిర్వాణం వరకు ఆ క్షేత్రాన్ని వీడని రమణ భగవానులు, నిండు గర్భిణి అయిన మహారాణి వలె మెల్లగా నడవాలని బోధించారు. ఆ మందగమనం దేహాన్ని శ్రమపెట్టడానికి కాదు. అడుగడుగునా స్మరణకు అవకాశమివ్వడానికి.

మోకాళ్ళ వ్యాధితో, వార్ధక్యంతో నడవలేనివారి మాటేమిటని ఆక్షేపించవచ్చు. వారికి యథాశక్తి ఆరాధనయే ధర్మం. ఏ వాహనంలో వెళ్ళినా, భక్తితో చుట్టి వస్తే అది వారికి ప్రదక్షిణమే. అయితే అశక్తులకు ఉన్న ఆ మినహాయింపును శక్తి ఉన్నవారు అరువు తెచ్చుకోరాదు. గంటలోపు పూర్తిచేశామని ఫోన్‌లో వేగం చూసి మురిసిపోవడం మరింత అనుచితం. అక్కడ వృద్ధి పొందేది అహంకారమే.

కనుక సాధకులకు నా వినతి ఇది. మొదటిరోజు సైకిల్‌పై వెళ్ళండి. అష్టలింగాలను గుర్తించండి, నీడ ఎక్కడ, నీరు ఎక్కడ అన్నది తెలుసుకోండి, ఆది అణ్ణామలై ఆలయం వద్ద ఆగండి. మరునాడు సూర్యోదయానికి ముందే పాదరక్షలు విడిచి, మౌనంగా నడవండి. మార్గం అప్పటికే పరిచితం కాబట్టి కన్నులకు ఇక వేరే పని ఉండదు. అవి నిశ్చింతగా గిరిని ఆశ్రయిస్తాయి.