పేట బొమ్మకు టిక్కెట్టు లేదు

బొమ్మ అంటే మనవాళ్ళకు సినిమాయే! ‘ఏం బొమ్మ ఆడుతోంది?’ అని సూర్యాపేటలో అడిగినా, కోదాడ, మిర్యాలగూడల్లో అడిగినా హాలు పేరు చెబుతారే గాని, శిల్పం సంగతి ఎవరికీ తట్టదు. ఈ వారం ఆ రెండో రకం బొమ్మ గురించి ముచ్చటించుకుందాం.

శిల్పి జి. రవీందర్ రెడ్డి గారు 1956లో మన పేటలోనే పుట్టారు. బరోడాలో శిల్పకళ చదివి, లండన్ కూడా వెళ్ళివచ్చి, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. ఆయన చేసేవి ఎక్కువగా ఆడవాళ్ళ తలలు. తలంటే అలాంటిలాంటి తల కాదు, కొన్నయితే మనిషిని మించిన ఎత్తు! విప్పారిన కళ్ళు, దిద్దిన పెదవులు, ముడినిండా పూలు. మన భాషలో చెప్పాలంటే రెప్పవేయని క్లోజప్.

ఇంతకీ దేనితో చేస్తారనుకున్నారు? మొదట మట్టితో రూపం దిద్దుతారు. దానికి అచ్చు తీస్తారు. అచ్చులోంచి వచ్చేది మాత్రం ఫైబర్ గ్లాస్, అంటే గాజునార, రసాయనపు బంక! పైన కార్లకు వేసే రంగు, కొన్నిటికి బంగారు రేకు. ముఖం చూస్తే గ్రామదేవత, ఒళ్ళు చూస్తే ఫ్యాక్టరీ సరుకు.

మనిషి యంత్రాన్ని నమ్ముకున్నాడనీ, ప్రకృతిని వదల్లేడనీ చెప్పడానికి కొందరు శిల్పులు ఇనుప చక్రాలు, తీగలు బిగిస్తారు. ఈయన బొమ్మల్లో చక్రం ఊసే ఉండదు. అయినా నాకు ఆ సంగతే తోస్తుంది. ఆ ముడిలో పూలు ఏనాటికీ వాడవు, కాని వాసనా వేయవు. వాడని పువ్వు కావాలంటే వాసన వదులుకోవాలి మరి!

ఈ బేరం మన జిల్లాలకు తెలియనిదేం కాదు. కృష్ణకు అడ్డంగా సాగర్ కట్టి, 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ వైపు వరి పండింది, మిల్లులు లేచాయి. ఆ జలాశయంలోనే ఇక్ష్వాకుల విజయపురి మునిగిపోయింది. శిల్పాలను మాత్రం కొండ మీదికి చేర్చగలిగారు. మళ్ళీ 2024 సెప్టెంబరు 1న, జడివానలో, ఆ ఎడమ కాలువకే నడిగూడెం మండలంలో గండి పడింది. ఆ వానలకే కోదాడ వీధులు ఏరులయ్యాయి. మనం తవ్విన కాలువ, పైనుంచి కురిసే వాన కలిసివస్తే అన్నం పెడతాయి. ఎదురు తిరిగితే ఇల్లే ముంచుతాయి.

అందుకే నాదొక కోరిక. అలాంటి తల ఒకటి ఎడమ కాలువ గట్టున నిలబెట్టకూడదూ? మోటారు రంగు పూసుకున్న అమ్మతల్లి, కన్నార్పకుండా నీటిమట్టం చూస్తూ ఉంటుంది. గట్టుకు మరమ్మతు చేయాల్సిన వాళ్ళకు కాస్త భయమూ ఉంటుంది. పైగా టిక్కెట్టు లేని బొమ్మ, రోజూ అన్ని ఆటలూ ఆడుతుంది!

ఏమంటారు?