దుప్పటి కోటుకు పేరుంది, బొంతకు లేదు

లాస్ ఏంజెలెస్‌లో బ్రెండా ఎకీవా అనే డిజైనర్ దుప్పటి గుడ్డతో కోట్లు కుట్టిస్తుంది. మెక్సికో నుంచి వలస వచ్చిన కుటుంబాల ఇళ్లలో పులులు, గుర్రాలు, గులాబీల బొమ్మలతో మందపాటి బొచ్చు దుప్పట్లు ఉంటాయి. శాన్ మార్కోస్ దుప్పట్లంటారు. 1970లలో మెక్సికోలోని అగ్వాస్కాలియెంతెస్‌లో మొదలైన ఆ తయారీ చాలాకాలం కిందటే ఆగిపోయింది. మంచం మీదుండే ఆ దుప్పటి ఆమె చేతిలో భుజాల మీదికెక్కింది. కోటు ధర వందల డాలర్లు. మెడ పట్టీ మీద ఆమె ఇంటిపేరు.

ఇలాంటి పని వెనక ఒక చరిత్ర ఉంది. అమెరికాలో మెక్సికన్ మూలాలున్నవాళ్లు 1960లలో హక్కుల కోసం వీధుల్లోకొచ్చి, తమను చికానోలు, చికానాలు అని చాటుకున్నారు. చేతికందిన పాతదానికే అతుకేసి, రంగేసి, దర్జాగా బతికే పేదింటి పద్ధతి కూడా కళేనని తోమాస్ ఇబార్రా-ఫ్రౌస్తో అనే పండితుడు 1989లో ఒక వ్యాసంలో వాదించాడు. పాతగుడ్డను కొత్త దుస్తుగా మార్చే నేటి చికానా డిజైనర్లకు ఆ వాదన ఆస్తిలాంటిది.

ఈ సంగతి చెబితే మన చిత్తూరు, తిరుపతి వైపు ఎవరైనా అనే మాట ఒకటే: ‘ఇందులో కొత్తేముంది, మా అవ్వ బొంతలు కుట్టలేదా?’ కుట్టింది. అంతటితో ఊరుకుంటామే, దానితోనే నా పేచీ.

బొంత ఆషామాషీ పని కాదు. చిరుగులున్న నూలు చీరలు, పంచెలు లోపలికి పోవాలి. కాస్త గట్టిగా, రంగు నిలిచిన చీర పైకి రావాలి. నేల మీద పరిచి, ముడతలు తీసి, నాలుగంచులూ మడిచి, ఆ తర్వాత ఇంత పొడవు సూదితో వరస తప్పకుండా పోగులు వేసుకుంటూ పోవాలి. వరసలు దగ్గరైతే బొంత బిగుసుకుపోతుంది, ఎడమైతే లోపలి గుడ్డ ఉండకడుతుంది. పసిబిడ్డకైతే పలచగా, ముసలివాళ్ల నడుముకైతే దట్టంగా. ఇప్పుడు ఇళ్లలో నూలు చీరలు తగ్గి సింథటిక్ చీరలు పెరిగాయి. అవి సూది కింద జారిపోతాయి, చెమట పీల్చవు. అందుకే అవి బొంతలోకి కాకుండా స్టీలు గిన్నెలమ్మే మనిషి మూటలోకి పోతాయి.

ఇంత నేర్పుకూ మనమిచ్చేది కుట్టుకూలి, అదీ బేరమాడి. ఎవరు కుట్టారో రెండో ఏటికే మరిచిపోతాం.

పాతగుడ్డకు డబ్బు పెట్టరు అంటారా? తిరుపతిలో కూర్చుని ఆ మాట అనలేం. భక్తులు స్వామికి సమర్పించిన వస్త్రాలను తితిదే వేలం వేస్తుంది, జనం కళ్లకద్దుకుని కొంటారు. అక్కడ ధర పలికేది నేతకు మాత్రమే కాదు, ఆ గుడ్డ ఎక్కడి నుంచి వచ్చిందన్న సంగతికి కూడా. ఎకీవా అమ్ముతున్నదీ అలాంటిదే. ఇక శ్రీకాళహస్తి చూడండి. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద వెదురు కలంతో గీసిన బొమ్మ ముక్కను జాకెట్టు వీపున అతికించి బొటిక్‌లు బాగానే సంపాదిస్తున్నాయి. గీసిన చెయ్యి ఎవరిదో ఆ జాకెట్టు తొడుక్కున్నావిడకు తెలియదు.

శ్రీ సిటీ గురించి చెప్పాలనే ఇదంతా. 2008లో సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల పల్లెల్లో మొదలైన ఈ పారిశ్రామిక నగరంలో ఇసుజు వాహనాలు, ఆల్‌స్టమ్ మెట్రో పెట్టెలు తయారవుతున్నాయి. షిఫ్టు మారే వేళ బస్సుల్లోంచి దిగేదంతా యూనిఫాంలే. ఇలాంటి యూనిఫాం గుడ్డ మామూలుగా పాలిస్టర్, నూలు కలిసిన నేత. గట్టిది. వాడకంలో ముందు పోయేది కాలరు, మోచేతులు, మోకాళ్లు. వీపు భాగం దిట్టంగానే ఉంటుంది. అయితే ఆ రెండు రకాల పోగులను విడదీసి మళ్లీ నూలు వడకడం కష్టం, ఖర్చు. కాబట్టి ఆ గుడ్డను కత్తిరించి ఇంకో దుస్తుగా కుట్టడమే తేలిక దారి. కుట్టగలవాళ్లు గేటు బయటి పల్లెల్లోనే ఉన్నారు.

ఇలాంటి ప్రయత్నం మనకు మరీ దూరమూ కాదు. 2004 డిసెంబరు సునామీ తర్వాత పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లోని ఉపాసన స్టూడియో, మిగులు గుడ్డముక్కలతో ‘సునామిక’ అనే బుల్లిబొమ్మలు చెయ్యడం మత్స్యకార మహిళలకు నేర్పింది.

కంపెనీలకు ఒక భయం ఉంటుంది: లోగో ఉన్న చొక్కా వేసుకుని అడ్డమైనవాడూ గేటు దాటితే? న్యాయమైన భయమే. దానికి చొక్కాను కాల్చేయక్కర్లేదు. లోగో ముక్కను లోపలే కత్తిరించి లెక్కరాసుకుని, మిగతా గుడ్డ బయటికి ఇస్తే సరి. మహిళా సంఘాలకు ఊరికే పంచేసి ఫొటో దిగమని మాత్రం నేననను. గుడ్డతోపాటు డిజైన్ తెలిసిన ఒక మనిషికి జీతమివ్వాలి. తయారైన సంచులో, జాకెట్లో, బొంతలో మొదటి విడత కంపెనీయే ధర పెట్టి కొనాలి. ప్రతిదాని మీదా కుట్టినామె పేరూ, ఊరి పేరూ ఉండాలి. కూలి రోజుకింత అని కాకుండా, అమ్మిన ధరలో ఇంత వాటా అని ముందే కాగితం మీద రాసుకోవాలి.