ఒకమారు తప్పినవాడు

వయస్సును, వివేకమును ఒక్కనాడే రావు. 18 ఏండ్ల కుర్రవాడు బండి నడపగలడు, కూలి సంపాదింపగలడు. కాని చెడు స్నేహితుడు పిలిచినపుడు "నేను రాను" అని చెప్పగల నిబ్బరము అతనికి ఇంకను కుదిరియుండకపోవచ్చును. సంఘములో మెలగవలసిన పరిపక్వత మెల్లగా అలవడునది.

మన మలేషియా చట్టము ఈ సంగతి నెఱిగియున్నది. 10 ఏండ్లు దాటి 12 ఏండ్లు నిండని బిడ్డకు తన చేత యొక్క స్వభావమును, ఫలమును గ్రహించు పరిపక్వత లేనిచో, శిక్షాస్మృతి 83వ సెక్షను ప్రకారము అది నేరము కాదు. 2001 నాటి బాలల చట్టము 18 ఏండ్లలోపు వారికి ప్రత్యేక న్యాయస్థానము నేర్పరచినది. అచట మేజిస్ట్రేటుకు తోడుగా ఇరువురు సలహాదారులుందురు. వారిలో ఒకరు స్త్రీ కావలయును. ఆ బిడ్డ పేరును పత్రికలలో ప్రకటింపరాదు.

చట్టము దాచిన పేరును మనము చాటుచున్నాము. తెలుక్ మాస్‌లోని హెన్రీ గర్నీ పాఠశాల నుండి బాలుడు ఇల్లు చేరినంతనే ఇరుగుపొరుగులు "వాడా, జైలుకు పోయివచ్చినవాడు" అందురు. పని యిచ్చువారుండరు. పలుకరించువారు పాత స్నేహితులే. అతడు మరల వారితో కలిసిన, "చూచితిరా, బుద్ధి మారలేదు" అని మనమే తీర్పు చెప్పుదుము.

టెర్రీ మాఫిట్ అను మనస్తత్వశాస్త్రజ్ఞురాలు 1993లో ప్రకటించిన సిద్ధాంతము ఇచట గమనింపదగినది. కౌమారమున తప్పుదారి పట్టిన వారిలో పెక్కుమంది వయస్సు వచ్చుకొలది తామే మానుకొందురు. జీవితాంతము నేరములు చేయువారు కొలదిమందియే. అయితే చదువు చెడుట, మత్తు మరగుట, చెఱసాలకు పోవుట వంటి ఉచ్చులు మానుకొనదలచిన వారిని గూడ పట్టి ఉంచగలవని ఆమె వివరించెను. సంఘము మూసిన తలుపును అట్టి ఉచ్చే యని నా అభిప్రాయము.

తోటలలో లైను ఇండ్లున్న కాలమున తప్పుచేసిన పిల్లవాని నెఱిగిన పెద్దలు పదిమంది యుండిరి. తోటలు విడిచి కౌలాలంపూరు ఫ్లాట్లకు వచ్చిన కుటుంబములలో తల్లిదండ్రులిరువురును పనికి పోవుదురు; ఎదురింటివారి పేరైనను తెలియదు.

"మా పిల్లలు చెడిపోరా?" అని తల్లులు భయపడుట సహజమే. అందుచేత హుండీ తాళములు అతనికి ఇండని నేను చెప్పను. ఉత్సవమునాడు వంటశాలలో, పందిరి పనిలో, ఒక పెద్దవాని కనుసన్నల నుంచుడు. పనివారి నెఱిగినవారు ఒక మాట చెప్పి, కూలి దొరకునట్లు చేయుడు. ఆరు మాసములు ఓపికతో చూడుడు. రెండవ తప్పు జరుగకుండుటకు ఇంతకంటె చవుకయైన ఉపాయము లేదు.